పధ్నాలుగో షీటు గీసిన చెయ్యి

"కిటికీ మూసింది నేనే," అంది కూతురు. "రెండూ ఇరవైకి."

ఆ మాట అనడానికి ఆమె గొంతు పెంచలేదు, దించలేదు. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పింది. డిటెక్టివ్ తన నోటుపుస్తకంలో 2.20 అని రాసుకుంది. దాని కింద గీత గీయలేదు. ఏ అంకె కింద గీత పడాలో ఇంకా తేలలేదు.

డిటెక్టివ్‌కి యాభై రెండేళ్ళు. పోలీసు శాఖలో దొంగ సంతకాలూ దొంగ పత్రాలూ పట్టే సెక్షన్లో ఇరవై రెండేళ్ళు పనిచేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, సొంతంగా ఈ పని పెట్టుకున్న మనిషి. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి ముప్ఫై నాలుగు. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. మూడు వారాల కిందట ఒక గురువారం ఆమె తండ్రి పెరట్లోని షెడ్డులో చనిపోయాడు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన మనిషి. అరచేతిలో పట్టే బొమ్మ ఇంజిన్లను తానే గీసి, తానే చేసి, పెట్రోలు పోసి తిప్పడం ఆయనకి పిచ్చి. మూసిన గదిలో ఇంజిన్ నడిపాడు, పొగ పీల్చాడు, పోయాడు. పోలీసులు రాసింది అంతే.

"ప్రమాదమని ఫైలు మూసేశారు గదా. మరి నన్నెందుకు పిలిచావమ్మా?"

"ప్రమాదమంటే ఎవరో ఒకళ్ళు ఏదో ఒకటి చేస్తేనే గదా జరిగేది. చేసింది నేను." అమ్మాయి ముందున్న కాఫీ మీద మీగడ కట్టింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "నేనే చంపానా లేదా, అది చెప్పండి. ఏదైనా సరే. తెలిస్తే చాలు."

"వరసగా చెప్పు. తొందరేం లేదు."

"ఒంటిగంటకి అన్నం తిన్నాం, నాన్నా నేనూ. ఒకటీ నలభైకి ఆయన షెడ్డులోకి వెళ్ళారు. రెండింటి నుంచి మూడింటిదాకా అక్కడే మంచం మీద పడుకుంటారు. రోజూ అంతే. రెండూ పదికి వాన మొదలైంది. షెడ్డు కిటికీ కింద ఇనుము కోసే లేత్ మిషన్ ఉంటుంది. జల్లు పడితే తుప్పు పడుతుంది. నేను గొడుగేసుకుని వెళ్ళి, బయటినుంచి కర్రతో నెట్టి రెక్క మూశాను."

"లోపలికి చూశావా?"

"కిటికీ నా తలకంటే పైనుంటుంది. కనపడదు. ఇంజిన్ చప్పుడు మాత్రం వినపడింది. పడుకోకుండా పని చేసుకుంటున్నారులే అనుకున్నా. రెండున్నరకి డ్యూటీకి పోయాను. ఐదూ నలభై ఐదుకి వచ్చాను. ఐదూ యాభైకి చూశాను."

"చప్పుడు ఎలా ఉంది?"

అమ్మాయి చూపుడువేలుతో బల్ల మీద కొట్టి చూపించింది. డబ డబ డబ డబ. ఒక్క దెబ్బా తప్పలేదు. తండ్రి చావుకి తాళం వేస్తున్నానన్న స్పృహ ఆమె మొహంలో ఎక్కడా లేదు. డిటెక్టివ్‌కి ఒళ్ళు జలదరించాల్సింది. జలదరించలేదు. ఇలాంటి ఇళ్ళలో కూర్చుని కూర్చుని ఆమెకీ లోపల ఏదో కాయకాచిపోయింది.

"మీ ఆయన?"

"లిఫ్టుల కంపెనీలో. డ్రాయింగులు గీసే సెక్షన్. పొద్దున ఎనిమిదికి వెళ్ళారు, రాత్రి ఏడింటికి వచ్చారు. ఆఫీసు నలభై నిమిషాలు."

"మీ నాన్నతో ఎలా ఉండేవాడు?"

"బాగానే ఉండేవారు. చివరి పది రోజులు మాత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు. అడిగితే నాన్న, ‘వాడి నోటితో వాడే చెప్పాలి, నేను చెప్పను’ అన్నారు. మా ఆయన్ని అడిగితే, ‘ఏం లేదు, ముసలాయన చాదస్తం’ అన్నారు. తర్వాత నాన్న పోయారు. ఇంక అడగలేదు."

డిటెక్టివ్ దాన్నీ రాసుకుంది.

"నిన్న నాకు ఫోన్ చేసినప్పుడు, ఇంజిన్ తిరగదన్నావు."

"లేత్ బాబాయ్ అన్నాడు. నాన్న స్నేహితుడు. ఆ ఇంజిన్ మీద నాన్న రెండేళ్ళు కష్టపడ్డారు. పదహారు షీట్లు గీయాలనుకున్నారు, పధ్నాలుగు దొరికాయి. మిగతా రెండూ పై మూతా, పీఠమూ, అవి లేకపోయినా ఇంజిన్ నడుస్తుందట. మిగతావి బాబాయ్‌ని పూర్తి చెయ్యమన్నాను. ఒక్కసారి నా కళ్ళముందు తిరిగితే చూసి, ఇంక పక్కన పెట్టేద్దామని. పది రోజుల్నుంచి షెడ్డులోనే ఉంటున్నాడు. నిన్న వచ్చి, ‘ఇది తిరగదమ్మా, ఎప్పుడూ తిరిగి ఉండదు’ అన్నాడు. మరి ఆ పొగ ఎక్కడిదని అడిగాను. ‘ఇట్టాంటివి తెలిసినవాళ్ళనెవరినైనా పిలువు’ అన్నాడు."

"మీ ఆయనకి చెప్పావా, నన్ను పిలిచినట్టు?"

"లేదు. మళ్ళీ బాధపడతారు. నీ తప్పేం లేదని రోజూ చెప్తూనే ఉన్నారు, పాపం."

షెడ్డు పద్దెనిమిది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. తూర్పు గోడకి ఎత్తుగా ఆ ఒక్క కిటికీ, దాని కింద లేత్. మధ్యలో పని బల్ల. పడమటి గోడ పక్కన ఇనప మంచం, తలవైపు దిండు అలాగే ఉంది. తలుపుకి లోపల గడియ ఊడిపోయి ఎన్నేళ్ళయిందో, దాని చోట రెండు మేకు కన్నాలు మాత్రం మిగిలాయి. అంటే ఎవరైనా ఎప్పుడైనా లోపలికి రావచ్చు. పోలీసు రిపోర్టులో తలుపు ఊసే లేదు.

లేత్ బాబాయ్‌కి డెబ్భై దాటాయి. నలభై ఏళ్ళు ఇనుము కోసిన వేళ్ళు, గోళ్ళ చుట్టూ ఇంక పోని నలుపు. డిటెక్టివ్‌ని చూసి లేచి, చెవి మిషన్ పెట్టుకుని, కుర్చీని పాత బనీనుతో తుడిచాడు.

"కూర్చోండమ్మా. నూనె అంటుతుంది, చూసుకోండి."

"నిలబడే చూస్తాను, అన్నగారూ. నాకు ఇంజిన్ల గురించి ఏమీ తెలీదు. పశువుల కాపరికి చెప్పినట్టు చెప్పండి."

"పశువుల కాపరికైతే తొందరగా అర్థమవుతుంది. ప్రాణమున్నవాటితో పని గదా." ఆయన బల్ల మీది ఇంజిన్‌ని తనవైపు తిప్పుకున్నాడు. రెండు సిలిండర్లు, ఒక్కోటి బొటనవేలంత. "ఇదీ ఊపిరి పీలుస్తుంది, వదుల్తుంది. పీల్చడానికో తలుపు, వదలడానికో తలుపు. ఏది ఎప్పుడు తెరవాలో చెప్పేది ఈ కడ్డీ. కామ్ అంటాం. దీని మీద ఈ ఉబ్బులున్నాయి చూడండి, ఇవి తిరుగుతూ తలుపుల్ని తడతాయి."

"సరే."

"ఈ చక్రం తిప్పండి. మెల్లగా."

ఆమె తిప్పింది. లోపల ఏదో సున్నితంగా టిక్కుమంది.

"ఇప్పుడిది ఊపిరి పీల్చాలి. తెరుచుకున్న తలుపేది? వదిలేది. పీల్చాల్సినప్పుడు వదుల్తోంది, వదలాల్సినప్పుడు పీలుస్తోంది. అట్టాంటి మనిషి ఎంతసేపు బతుకుతాడు? ఇదీ అంతే. ఈ కామ్ ఎడమకి తిరిగే ఇంజిన్‌కి చేసింది. మాస్టారి ఇంజిన్ కుడికి తిరుగుతుంది."

"ఎడమకే తిప్పితే?"

బాబాయ్ ఆమె వంక మెచ్చుకోలుగా చూశాడు. "నేనూ అదే అనుకున్నా. తిప్పండి."

తిరగలేదు. చక్రం వెనక ఒకవైపే తిరగనిచ్చే పళ్ళ బిళ్ళ అడ్డం పడి కదలనివ్వలేదు. వెనక్కి తన్ని వేళ్ళు విరగ్గొట్టకుండా మాస్టారు మొదటే పెట్టుకున్న ఏర్పాటు అది. ఎటు తిప్పినా ఇంజిన్ నడవదు.

"మాస్టారే పొరబడి ఉండొచ్చు గదా?"

ఆయన గోడకి గుచ్చిన కాగితాల దగ్గరికి వెళ్ళి, పదమూడో షీటూ పధ్నాలుగో షీటూ తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి వాటి మధ్య నిలబెట్టాడు.

"ఈ అగ్గిపెట్టెని ఎడమ వైపు నుంచి చూశారనుకోండి. చూసినదాన్ని కాగితం మీద ఎక్కడ గీస్తారు? మేం నేర్చుకున్న బళ్ళో అయితే కుడి పక్కన గీస్తాం. దీపం ఎడమనుంచి పడితే నీడ కుడి గోడ మీద పడుతుంది చూడండి, అట్టా. ఇప్పుడు చాలా కంపెనీలవాళ్ళు అట్టా కాదు. ఎడమ నుంచి చూస్తే ఎడమ పక్కనే గీస్తారు. రెండూ కరెక్టే. కాకపోతే ఒకళ్ళ కాగితం ఇంకొకళ్ళు వాళ్ళ పద్ధతిలో చదివితే, ముక్క తిరగబడుద్ది. అద్దంలో చూసినట్టు."

డిటెక్టివ్ వంగి చూసింది. కాగితాలంటే ఆమెకి ప్రాణం లేచొస్తుంది. పదమూడో షీటులో పక్కబొమ్మ కుడివైపు ఉంది. పన్నెండూ అంతే, పదకొండూ అంతే. పధ్నాలుగులో ఎడమవైపుకి మారింది. అక్షరాలు మాత్రం అచ్చం మాస్టారివే, మరీ అచ్చం. ఆమె భూతద్దం తీసింది. మాస్టారి తొమ్మిది అంకెలో తోక ఒక్కో చోట ఒక్కోలా వంగింది. తన చేతిరాత తనకి అలవాటైన మనిషి అలాగే రాస్తాడు. పధ్నాలుగో షీటులో పదకొండు తొమ్మిదులున్నాయి. పదకొండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఇది చూసి రాసిన చెయ్యి," అంది. "రాసుకుపోయిన చెయ్యి కాదు."

"మీకెట్టా తెలిసిందో గానీ, నాకింకోటి తెలుసు. ఏ షీటు పూర్తయినా నాకు చూపించకుండా ఆయన నిద్రపోడు. పదమూడు దాకా చూశాను. దీని మీద తారీఖు చూడండి."

బుధవారం. చనిపోవడానికి ముందురోజు.

"బుధవారం సాయంత్రం ఏడుదాకా ఇద్దరం ఇక్కడే ఉన్నాం. ‘కామ్ దగ్గర ఆగిపోయానురా, ఇంకో నెల పట్టేట్టుంది’ అన్నాడు. షీటూ లేదు, ముక్కా లేదు. గురువారం సాయంత్రానికి రెండూ వచ్చి కూర్చున్నాయి. రాత్రంతా కూర్చుని పూర్తి చేశాడేమో అనుకున్నా, విప్పి చూసేదాకా." ఆయన కామ్‌ని బయటికి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "పనితనం మాత్రం చూడండి. చేత్తో తిప్పే లేత్ మీద చేస్తే ఎక్కడో ఒకచోట చెయ్యి తడబడిన గుర్తుంటుంది. నాకైనా ఉంటుంది, మాస్టారికైనా ఉంటుంది. దీనికి లేదు. కంప్యూటర్ మిషన్ కోసింది."

అంటే, మాస్టారు వదిలేసిన పని పూర్తి చేయడానికి పూనుకున్నవాళ్ళలో లేత్ బాబాయ్ రెండోవాడు. మొదటివాడు మాస్టారు బతికుండగానే పూనుకున్నాడు. ఇంజిన్ పూర్తయినట్టు కనపడాలి. లేకపోతే పొగకి కారణం చెప్పాల్సి వస్తుంది. గోడమీద కామ్ కూర్చునే చోటు గీసి ఉన్న పదమూడో షీటుని ఎప్పుడో ఫోటో తీసుకుని, తన పద్ధతిలో చదివి, పొరపాటని కూడా తెలియకుండా ఎంతో శ్రద్ధగా తిరగబడ్డ ముక్క చేసుకొచ్చాడు.

"అన్నగారూ. ఈ షెడ్డులోకి వచ్చేవాళ్ళలో కొత్త పద్ధతిలో గీసేవాళ్ళెంతమంది?"

బాబాయ్ అగ్గిపెట్టెని జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేనీ ఇంట్లో నలభై ఏళ్ళుగా కాఫీ తాగుతున్నానమ్మా. ఆ పిల్లని ఎత్తుకుని తిప్పాను. ఈ మాటొక్కటీ నా నోటితో చెప్పించొద్దు."

చెప్పకుండానే చెప్పాడని ఇద్దరికీ తెలుసు.

బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఈ ఫైలు మూసింది అతనే. పదేళ్ళ కిందట డిటెక్టివ్ దగ్గర ట్రైనింగులో మూడు నెలలు కూర్చుని, ఆ మూడు నెలలూ కునుకు తీసిన మనిషి. శవం ఫోటోలు చూపించమని ఆమె నిన్న స్టేషన్లో అర్జీ ఇచ్చింది. కానిస్టేబుల్‌తో పంపితే సరిపోయేది. తానే తెచ్చాడు.

"ఏంటి మేడమ్, ఉద్యోగం వదిలేశాక బొమ్మలతో ఆడుకుంటున్నారా?"

"నువ్వు ఆడుకోకుండా వదిలేసిన బొమ్మ. చూద్దామని వచ్చాను."

కవరు బల్ల మీద పడేశాడు. ఆమె ఫోటోలు ఒక్కొక్కటీ చూసింది. మాస్టారు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. గోడ మేకుకి చొక్కా. చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టె.

"ఇంజిన్ నడుపుతున్న మనిషి మంచం మీద ఎందుకున్నాడు?"

"పొగకి తల తిరిగింది. పడుకున్నాడు."

"తల తిరుగుతున్న మనిషి చొక్కా విప్పి, మేకుకి తగిలించి, కళ్ళజోడు తీసి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని చొక్కా జేబులో పెట్టి, అప్పుడు పడిపోయాడు. బుద్ధిమంతుడు."

ఇన్‌స్పెక్టర్ దవడ బిగించాడు. "వయసు మీదపడ్డవాళ్ళు అలవాటు కొద్దీ చేస్తారు."

"నేను చెప్పేదీ అదే. రెండింటికి పడుకోవడం ఆయన అలవాటు. రెండూ ఇరవైకి చప్పుడు వినపడింది. అది ఈ ఇంజిన్ కాదు. ఇది తిరగదు."

బాబాయ్ అగ్గిపెట్టెతో మళ్ళీ మొదలుపెట్టబోయాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

"చూడు పెద్దాయనా. ఆ ముక్క తప్పని నువ్వంటున్నావు. పది రోజులుగా దీన్ని విప్పి బిగించింది నువ్వు. నువ్వే తిరగేసి బిగించలేదని ఏంటి రుజువు?"

ముసలాయన చేతిలోని అగ్గిపెట్టెని బల్ల మీద పెట్టేశాడు.

"నీ ఫోటోలే రుజువు," అంది డిటెక్టివ్. "ఆరో ఫోటోలో బల్ల మీద ఇంజిన్, పై మూత లేకుండా ఉంది. కామ్ కనపడుతోంది. ఆ రోజు తీసింది. ఈ భూతద్దంతో చూసుకో. ఉబ్బులు ఎటు తిరిగి ఉన్నాయో ఇప్పుడున్నదాంతో పోల్చుకో. ఆ మూడు నెలల్లో ఒక్కరోజైనా మెలకువగా ఉండుంటే నీకు నేర్పించి ఉండేదాన్ని."

అతను భూతద్దం తీసుకోలేదు. గొంతు తగ్గించి, ఇంటివైపు తల ఊపాడు. ఆ గొంతులో కోపంకంటే అలసట ఎక్కువుంది.

"మేడమ్, మీరు ఇరవై రెండేళ్ళు సంతకాలు చూశారు. నేను ఇళ్ళు చూశాను. ఆ పిల్ల తనే కిటికీ మూశానని నాకు రాసిచ్చింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిందని కేసు రాయొచ్చు. జాలిపడి రాయలేదు. మీరు ఫైలు తెరిపిస్తే ఆ కాగితం కూడా తెరుచుకుంటుంది. ఇంకొకడున్నాడని తేల్చలేకపోయారనుకోండి, మిగిలేది ఆ పిల్లొక్కతే. దానికి మీరు పూచీ పడతారా?"

అతను అన్నది నిజం.

"కాగితాలు కాకుండా వేరేది చూపించండి. ముట్టుకుంటే చేతికి అంటేది. అప్పుడు ఫోన్ చెయ్యండి, వస్తాను."

జీపు వెళ్ళిపోయింది. డిటెక్టివ్ మంచం దగ్గరికి వెళ్ళి దాని మీద పడుకుంది. బాబాయ్ కంగారుపడి పక్కకి తిరిగాడు. చనిపోయినవాడి దిండు మీద తల పెట్టి ఆమె పైకప్పు చూసింది, తర్వాత గోడ చూసింది. పోయిన మనిషి చివరగా ఏం చూశాడో అది చూడాలి. కళ్ళజోడు లేదు కాబట్టి ఆయన పెద్దగా చూసి ఉండడు. దిండుకి జానెడు దూరంలో, గోడ అడుగున, పాతకాలపు వైరు లాగడానికి పెట్టిన కన్నం ఉంది. రెండు వేళ్ళు పడతాయి. ఇటుక ముక్క అడ్డం పెట్టి ఉంది.

ఇటుక తీసి వేళ్ళు లోపలికి దూర్చింది. బయటికి తీస్తే నల్లగా ఉన్నాయి. మసి. వాసన చూస్తే ఇంకా పెట్రోలు ఘాటు.

"అన్నగారూ, ఈ గోడ అవతల ఏముంది?"

"మేడమెట్ల కింద చోటు. పాత సామాన్లు పడేస్తారు."

అక్కడ విరిగిన కుర్చీ, పెయింటు డబ్బాలు, సైకిలు చక్రం. వాటి మధ్య నేల మీద దుమ్ము లేని చదరం, మూడడుగులు ఇటు, రెండడుగులు అటు. మూలన నూనె మరక. గోడమీద కన్నం చుట్టూ ఇటువైపు మసి చెయ్యంత మేర పాకింది.

"ఇక్కడుండే జనరేటర్ ఏది?" అన్నాడు బాబాయ్ తనలో తాను. "కరెంటు పోతే వాడేది. దాని చప్పుడు డబడబమంటూ..."

ఆయన అక్కడే ఆగిపోయాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా షెడ్డులోకి నడిచి, బల్ల ముందు కూర్చుని, ఇనుము అరగదీసే ఆకురాయి అందుకున్నాడు. మనసుకి పట్టనంత వచ్చినప్పుడు కొందరు వేళ్ళకి పని చెప్తారు. డిటెక్టివ్ ఆయన్ని కదిలించలేదు. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి, "చేతికి అంటింది," అని మాత్రం చెప్పింది. అతను "అరగంట," అన్నాడు.

కూతురు ఇందాక కూర్చున్న చోటే ఉంది. కాఫీ కూడా. తిరగబడ్డ కామ్, మాస్టారు గీయని పధ్నాలుగో షీటు, గోడ కన్నంలో మసి, అరగంటలో రాబోయే ఇన్‌స్పెక్టర్, అన్నీ డిటెక్టివ్ వరసగా చెప్పింది.

"జనరేటర్ ఏమైందమ్మా?"

"సర్వీసుకి ఇచ్చారు."

"ఎప్పుడు?"

"నాన్న పోయిన మర్నాడు. ఇంటినిండా జనముంటారు, కరెంటు పోతే ఇబ్బంది అని ఆయనే తీసుకెళ్ళారు. ఇంకా రాలేదు." చెప్తూ చెప్తూ ఆమె ఆ మాటలు తానే విన్నట్టుంది. కనుబొమలు కొంచెం దగ్గరయ్యాయి. మళ్ళీ సర్దుకున్నాయి.

"గురువారం మధ్యాహ్నం వాన మొదలైంది రెండూ పదికి. నువ్వు కిటికీ మూసింది రెండూ ఇరవైకి. ఆ పది నిమిషాలూ ఏం చేశావు?"

"జడేసుకుంటున్నా."

"కిటికీ సంగతి గుర్తొచ్చి లేచావా?"

"లేదు. ఫోనొచ్చింది."

"ఎవరు?"

"మా ఆయన." ఆమె ఫోన్ తీసి, వెనక్కి జరుపుకుంటూ పోయి, ఆ గురువారం దగ్గర ఆపింది. పైకి చదివింది. "రెండూ పదిహేడు. నలభై ఎనిమిది సెకన్లు. ‘వాన పడుతోంది గదా, కిటికీ తెరిచే ఉంది, మావయ్యగారి లేత్ తడిసిపోతుంది, వెళ్ళి మూసెయ్. ఆయన్ని లేపకు’ అన్నారు."

డిటెక్టివ్ పెన్ను కాగితం మీదే ఆగింది.

"ఇది పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు మూశారని అడిగారు. నేనన్నాను. ఎవరు మూయమన్నారని ఎవరూ అడగలేదు."

"అమ్మా. నలభై నిమిషాల దూరంలో, ఆఫీసులో కూర్చున్న మనిషికి ఆ కిటికీ తెరిచి ఉందని ఎలా తెలుస్తుంది?"

అమ్మాయి ఫోన్ తెర వంక చూస్తూనే ఉంది. తెర ఆరిపోయింది. ఆరిపోయిన తెర వంకా అలాగే చూసింది.

"లేపకు అన్నారు," అంది చివరికి. "పడుకున్నారని తెలుసన్నమాట. నేనేమో చప్పుడు విని, మెలకువగానే ఉన్నారనుకున్నా."

డిటెక్టివ్ 2.17 అని రాసి, దాని కింద గీత గీసింది. "నువ్వు కిటికీ మూశావు. అది నిజమే, దాన్ని నేను చెరపలేను. తెరిచి ఉంటే బతికేవారా అంటే, అది కూడా చెప్పలేను. పొగ దిండు పక్కనుంచి వచ్చింది. కానీ చంపింది నువ్వు కాదు. నీ చేత మూయించారు."

అమ్మాయి తల ఊపింది. అర్థమైందనడానికి కాదు, విన్నాననడానికి. ఏడుస్తుందేమోనని డిటెక్టివ్ చూసింది. ఏడవలేదు.

అంతలో ఆ ఫోనే మోగింది. తెర మీద భర్త పేరు. డిటెక్టివ్ వద్దన్నట్టు చెయ్యి చాపేలోపు ఆమె ఎత్తి, స్పీకర్ నొక్కి, బల్ల మీద పెట్టింది.

"తిన్నావా?" అన్నాడు భర్త. మెత్తటి గొంతు.

"ఇంకా లేదు."

"తినాలి గదా. లేత్ బాబాయ్ వచ్చాడా పొద్దున? ఇంజిన్ తిరిగిందా?"

"తిరగదండీ. కామ్ తిరగబడిందంట."

అటువైపు ఏదో తలుపు వేసిన చప్పుడు వినపడింది.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. షీట్లు పక్కన పెట్టి నేనే చూశాను. పధ్నాలుగోది నాన్న గీసింది కాదు."

"నువ్వు బాగా నీరసంగా ఉన్నావు. ఏదేదో ఆలోచిస్తున్నావు. ఆ రోజు ఇంజిన్ చప్పుడు నువ్వే విన్నావు గదా. నువ్వే కిటికీ మూశావు గదా."

"మూశాను."

"మరి. నీ తప్పు లేదని నేను చెప్తూనే ఉన్నా. ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

"సరే. ఆ షీటు ఎవరికీ చూపించకు. వస్తున్నా."

ఫోన్ ఆగిపోయింది. డిటెక్టివ్ లేచి నిలబడింది.

"ఎందుకమ్మా ఆ పని చేశావు? ఇన్‌స్పెక్టర్ రావడానికి ఇంకా ఇరవై నిమిషాలు."

"ఆయన రావడానికి నలభై. లెక్క సరిపోతుందనుకున్నా." ఆమె కాఫీ గ్లాసుని బల్ల చివరికి జరిపింది. "మూడు వారాల నుంచి నాకు నిద్ర పట్టకపోతే తల నిమురుతున్నారు. నీ తప్పేం లేదు, నీ తప్పేం లేదు అని. అలా అన్నప్పుడల్లా ఇంకొంచెం నాదే తప్పనిపించేది. ఎందుకా అనుకునేదాన్ని. ఇప్పుడు ఆయన ఇక్కడికొచ్చి, ఆ మాట మీ ముందు అనాలి."

"అంటాడనుకున్నావా?"

"అనకపోతే అనకపోయారు. నేను అడగాలి గదా."

గేటు గడియ తీసిన చప్పుడైంది.

ఇద్దరూ గోడ గడియారం చూశారు. ఫోన్ పెట్టేసి నాలుగు నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ జీపు చప్పుడు లేదు. చెప్పుల చప్పుడు మాత్రం ఉంది, తొందర లేకుండా, ఇంటి మనిషి నడిచినట్టు. ఆఫీసు నుంచి వచ్చినవాడు కాదు. పొద్దున్నుంచీ ఎక్కడో దగ్గర్లోనే ఉన్నాడు. ఏ మధ్యాహ్నమైనా దగ్గర్లోనే ఉంటాడేమో. మాస్టారు అతని నోటితో చెప్పించాలనుకున్నదీ ఇదేనేమో.

డిటెక్టివ్ వీధి తలుపు పక్కకి జరిగి, వేలు పెదవి మీద పెట్టింది. చెప్పులు మెట్ల దాకా వచ్చాయి. మెట్లెక్కలేదు. ఒక క్షణం ఆగి, గోడ వెంట పెరటివైపు తిరిగాయి.

షీటు కోసం. షీటు షెడ్డులో ఉంది, పని బల్ల మీద పరిచి. ఆ బల్ల ముందు, తలుపుకి వీపు పెట్టి, లేత్ బాబాయ్ కూర్చుని ఉన్నాడు.

"కేక వెయ్యి," అంది డిటెక్టివ్, పెరటి తలుపు దగ్గరికి పోయి గడియ మీద చెయ్యి వేసి. "ముసలాయన్ని బయటికి రమ్మను."

"వినపడదు," అంది కూతురు. ఆ గొంతు మొదటిసారి కదిలింది. "పనిలో ఉంటే బాబాయ్ చెవి మిషన్ తీసి పక్కన పెట్టేస్తాడు."

ఆ మాట పూర్తయ్యేసరికే ఆమె డిటెక్టివ్‌ని పక్కకి తోసుకుని, గడియ లాగి, పెరట్లోకి పరుగెత్తింది. షెడ్డు తలుపు అప్పుడే లోపలినుంచి మూసుకుంటోంది.